హెచ్చరిక: మీ ఊరి ముద్ర ఎవరి జేబులో ఉంది?

చల్లపల్లిలోనే కాదు, దివిసీమలోని ప్రతి పంచాయతీలోనూ ఈ వారమే అడగాల్సిన ప్రశ్న ఇది. ఊరి ఖాతాలోంచి రూపాయి కదలాలంటే కావలసిన డిజిటల్ కీ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? సర్పంచ్ దగ్గరా, సర్పంచ్ భర్త దగ్గరా, ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడి దగ్గరా, లేక బిల్లు రావాల్సిన కాంట్రాక్టరు దగ్గరేనా? జవాబు మీకు తెలియకపోతే మీ ఊరిని ఎవరు పాలిస్తున్నారో మీకు తెలియదన్నమాటే. ఓటు వేసిన మనిషి ఒకరు, పాలించే మనిషి ఇంకొకరు అయ్యే ప్రమాదం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నామని అనుకోకండి. రాజ్యాల కథలు ఈ ఒక్క చోటే మలుపు తిరిగాయి. కిరీటం రాజుదే, కానీ ముద్ర మంత్రి దగ్గర ఉండేది. యూరప్‌లో ఆ ముద్ర కాపలాదారును చాన్సలర్ అన్నారు. విజయనగరంలో మహామంత్రి, గోల్కొండలో మీర్ జుమ్లా, హైదరాబాదులో దివాన్, పేష్కారు. ఆ మనిషికి వంశం ఇచ్చిన హక్కు లేదు, జనం ఇచ్చిన ఓటు లేదు. ఉన్నదల్లా రాజు పక్కన చోటు, రాజు పేరున కాగితం రాసే అధికారం. ఆ కాగితం ముందుకు కదలాలా, ఆగాలా అన్నది ఆయన ఇష్టం. శివారు రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి ఎంత నీరు వదిలినా, తన మడి తడిసేదీ లేనిదీ షట్టర్ తాళంచెవి పట్టుకున్నవాడి మీద ఆధారపడుతుందని అతనికి అనుభవమే.

మనకు కూతవేటులో ఉన్న ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉంది. కళింగ దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు అక్కడ ఆగాడనీ, ఆముక్తమాల్యదకు ప్రేరణ అక్కడే దొరికిందనీ మన పిల్లలకు కూడా తెలుసు. ఆ దండయాత్రలో 1515లో కొండవీడు పట్టుకున్నది సాళువ తిమ్మరుసు. రాయలు అప్పాజీ అని పిలిచిన మనిషి. గెలిచిన కొండవీడు సీమ ఆయన మేనల్లుళ్లు నాదెండ్ల అప్ప, గోపమంత్రుల చేతికి వెళ్లింది. దక్షతలో తిమ్మరుసుకు సాటి వచ్చే మంత్రి మన చరిత్రలో అరుదు. అంతటివాడి చివరి రోజుల గురించి పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. రాయల కొడుకు చనిపోయాడు, విషప్రయోగమని నింద వచ్చింది, తిమ్మరుసు కళ్లు తీయించారు. ఇందులో ఎంత నిజమో చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. ఒక్కటి మాత్రం ఆ కథనంలో స్పష్టం. నింద పడ్డ రోజున ఆ వృద్ధుడి మాట వినడానికి న్యాయస్థానం లేదు, సభ లేదు. అంత అధికారాన్నీ ఇచ్చిన ఒక్క చెయ్యే అంతా లాగేసుకుంది.

అదే 1515లో ఇంగ్లండులో థామస్ వుల్సీ లార్డ్ చాన్సలర్ అయ్యాడు. పద్నాలుగేళ్లు రాజుకంటే ఎక్కువగా రాజ్యం నడిపాడు. 1529లో రాజు కోరిన విడాకులు తెచ్చివ్వలేక పదవి పోగొట్టుకున్నాడు, మరుసటి ఏడు రాజద్రోహ విచారణకు తీసుకెళుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. తరువాత చాన్సలర్ అయిన థామస్ మోర్ తల 1535లో తెగింది. సముద్రాలకు అవతలా ఇవతలా ఒకటే తీరు.

మనకు ఇంకా దగ్గరి కథ అక్కన్న మాదన్నలది. విజయవాడ ఇంద్రకీలాద్రి పాదాల దగ్గరి గుహలకు వాళ్ల పేరే ఉంది. ఆ గుహలు వాళ్లకు వెయ్యేళ్ల మునుపటివి, అయినా జనం ఆ పేరే నిలుపుకున్నారంటే ఆ అన్నదమ్ములు తెలుగువాళ్ల మనసులో ఎంత లోతుగా నాటుకున్నారో చూడండి. మాదన్న గుమాస్తాగా మొదలై పైకి వచ్చాడు. 1672లో అబుల్ హసన్ తానీషాను గద్దె ఎక్కించిన సయ్యద్ ముజఫర్ దగ్గర లెక్కలు చూసినవాడు, రెండేళ్లు తిరగకుండానే ఆ ముజఫర్‌నే పక్కకు నెట్టి తానే సర్వాధికారి అయ్యాడు. ఆ తరువాత పన్నెండేళ్లు గోల్కొండలో శిస్తు గుత్తలు, రాయబారాలు, బందరు రేవులో డచ్చి వాళ్లతో, ఇంగ్లీషు వాళ్లతో బేరాలు అన్నీ మాదన్న ఇంటి మీదుగానే నడిచాయి. 1677లో శివాజీ గోల్కొండ వచ్చి చేసుకున్న ఒప్పందం వెనకా ఆయనే. బంధువులకు పెద్ద ఉద్యోగాలు దక్కాయి. పాల్వంచ తాసిల్దారు కంచర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు, ఆయన మేనల్లుడేనంటారు.

మాదన్న సమర్థుడే. ఆయన ముద్ర కింద గోల్కొండ బలపడిందని చెప్పడానికి ఆధారాలున్నాయి. అయితే రాజ్యమంతా ఒక్క మనిషి చేతిలో ఉంటే శత్రువు గురి పెట్టాల్సిందీ ఆ ఒక్క మనిషి మీదే. ఔరంగజేబు ఒత్తిడి పెరిగి, కోటలో ఆకలి, భయం పెరిగిన 1686లో గోల్కొండ వీధిలో అక్కన్న మాదన్నలను నరికేశారు. రాజ్యానికి వచ్చిన ఆపదంతటికీ ఆ ఇద్దరి తలలే విరుగుడనుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1687లో గోల్కొండే లేదు. మంత్రి లేకపోతే నడవని రాజ్యం మంత్రి పోయాక నిలుస్తుందని ఎలా అనుకున్నారో!

ఇక్కడ మా మాట సూటిగా చెబుతాం. ఇది దుర్మార్గుల కథ కాదు. తిమ్మరుసు, మాదన్న ఇద్దరూ మంచి పనులు చేసినవాళ్లే. జవాబుదారీ లేని ముద్ర చెడ్డవాడి చేతిలో పడితే జనాన్ని ముంచుతుంది, మంచివాడి చేతిలో పడితే జనంతో పాటు ఆ మంచివాణ్నీ ముంచుతుంది. అందుకే "మా సర్పంచ్ గారి భర్త మంచోడండీ, ఆయన చూసుకుంటాడు" అన్న మాట విన్న ప్రతిసారీ మాకు భయం వేస్తుంది.

మన నేల మీద నేరుగా దెబ్బ పడిన సంగతి ఒకటి ఉంది, పాఠ్యపుస్తకాల్లో దానికి తగినంత చోటు దొరకలేదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో హైదరాబాదుకు పేరుకు దివాన్ మునీర్ ఉల్ ముల్క్. పని చేసేది, ఖజానా తాళాలు పట్టుకున్నది పేష్కారు చందూలాల్. బ్రిటిష్ రెసిడెంటు అండతో 1843 దాకా ఆయన మాటే శాసనం. సంతకం హోదా ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. ఆ చీకట్లోనే పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ 1814 నుంచి నిజాం ప్రభుత్వానికి అప్పులు పోసింది. వడ్డీ నూటికి పాతికకు దగ్గర. సైన్యం జీతాలకని ఒక అప్పు, దాని వడ్డీకి మరో అప్పు. రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ ఆ లెక్కలు విప్పేసరికి నిజాం మెడ లోతున మునిగి ఉన్నాడు. ఆ అప్పు తీర్చడానికి 1823లో ఏం చేశారు? ఉత్తర సర్కార్ల మీద, అంటే మన కృష్ణా మండలం కూడా ఉన్న సీమ మీద, ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా కట్టాల్సిన 7 లక్షల రూపాయల పేష్కష్ ఉంది కదా, దాన్ని కోటి రూపాయలకు పైబడిన మొత్తానికి శాశ్వతంగా వదులుకున్నారు. ఆ సొమ్ము అప్పులవాళ్లకు పోయింది. దివిసీమలో దుక్కి దున్నేవాడికి ఈ బేరం గురించి చెప్పినవాడు లేడు, అడిగినవాడు అంతకన్నా లేడు.

చల్లపల్లి కోట ఇంకా మన కళ్ల ముందే ఉంది. దేవరకోట జమీందారీలో యార్లగడ్డ వారి పాలనను మన తాతలు చూశారు. ఏ జమీందారీలోనైనా రైతుకు రాజా ముఖం ఏడాదికోసారి కనపడితే గొప్ప. శిస్తు ఎంతో తేల్చేది, బంజరు ఎవరికి దక్కాలో చెప్పేది, లంక భూమి ఎవరిదో రాసేది దివాణంలో కూర్చున్న ఉద్యోగులు. మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు లాంటి వాళ్లు ఈ ప్రాంత రైతులను కూడగట్టి నిలబడ్డప్పుడు వాళ్ల పోరు జమీందారు ఒక్కడితోనే కాదు, ఆ దివాణం లెక్కల పుస్తకంతో కూడా. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ఆ పుస్తకం మూతపడింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసినప్పుడు ఊరి లెక్క ఒక ఇంటి సొత్తు కాకుండా పోయింది. ఇన్ని తరాలు పోరాడి దించిన దివాణాన్ని మన చేతులతో మనమే మళ్లీ కట్టుకుంటున్నాం.

ఇదంతా పాతకాలం సంగతి అనేవాళ్లు జర్మనీ వైపు చూడాలి. 1933 జనవరి 30న హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించారు. మంత్రివర్గంలో అతని పార్టీ వాళ్లు ముగ్గురే, మిగతావాళ్లం మనమున్నాం కదా, అదుపులో పెడదాం అనుకున్నారు పెద్దమనుషులు. ఎనిమిది వారాలు నిండకుండానే, మార్చి 23న, పార్లమెంటు లేకుండా చట్టాలు చేసే అధికారం అతనికి ఇచ్చేశారు. కమ్యూనిస్టు సభ్యులు అప్పటికే జైళ్లలోనో అజ్ఞాతంలోనో ఉన్నారు. వ్యతిరేకంగా ఓటు వేసింది సోషల్ డెమోక్రాట్లు 94 మందే. మరుసటి ఏడు ఆగస్టులో అధ్యక్షుడు చనిపోతే ఆ పదవినీ కలిపేసుకున్నాడు. అంతా కాగితం మీద, సంతకాలతో, పద్ధతి ప్రకారమే జరిగింది. చట్టబద్ధంగానే జరిగిందన్న మాట విని నిద్రపోకూడదని ఆ దేశం కోట్ల ప్రాణాల ఖరీదుకు తెలుసుకుంది. 1949 రాజ్యాంగంలో చాన్సలర్‌కు అధికారం ఉంచారు, కానీ ఆయన్ని దించే దారి పార్లమెంటు చేతిలో పెట్టారు. కొత్త చాన్సలర్‌ను ఎన్నుకుని మరీ పాతవాణ్ని దించాలి. 1982లో అలాగే దించారు. బ్రిటన్ 2005లో చట్టం చేసి, ఒక్క లార్డ్ చాన్సలర్ మంత్రిగా, న్యాయమూర్తిగా, ప్రభువుల సభ అధ్యక్షుడిగా ఉండే పాత ఏర్పాటును విడగొట్టింది.

మన రాజ్యాంగం కూడా ఈ విషయం మరచిపోలేదు. 164వ అధికరణం ప్రకారం మంత్రులంతా కలిసి శాసనసభకు జవాబుదారులు, ప్రమాణం చేయాలి, ఆరు నెలల్లోగా సభ్యులు కావాలి. 2003లో వచ్చిన 91వ సవరణ మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి కట్టడి చేసింది. 175 మంది ఉన్న మన శాసనసభకు ముఖ్యమంత్రితో కలిపి 26 మంది. మరి కేబినెట్ హోదాతో నియమించే సలహాదారులు? వాళ్లకు ఆ లెక్క లేదు. ప్రమాణం లేదు, సభలో ప్రశ్నోత్తరాలు లేవు. జీతం, కారు, చాంబరు మాత్రం ఉంటాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ అలవాటు మారలేదు. ఈ పత్రికకు పార్టీల తగాదాతో పని లేదు. మంత్రి పేరున ఫైలు నడిపేది ప్రమాణం చేయని మనిషి అయితే రేపు తప్పు జరిగినప్పుడు శాసనసభ ఎవరిని నిలదీయాలి?

చాన్సలర్ అన్న పేరు మన దగ్గర విశ్వవిద్యాలయాల్లో మిగిలింది. గవర్నరు కులపతి, ముద్ర ఆయనది, నిర్ణయం సచివాలయానిది. ఆ రెంటి మధ్య 2024 తరువాత రాష్ట్రంలో చాలా విశ్వవిద్యాలయాలు నెలల తరబడి ఇన్‌చార్జి వీసీలతోనే నడిచాయి. బాధ్యత ఎవరిదో తేలని చోట నష్టపోయేది విద్యార్థే. గవర్నర్లకు ఈ భారం వద్దని పూంఛీ కమిషన్ 2010లోనే చెప్పింది.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వద్దాం, మన వాకిట్లో ఉన్నదానికి. రాజ్యాంగం 243ఇ అధికరణం పంచాయతీకి అయిదేళ్లు గడువు ఇచ్చింది, ఆ గడువు తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలంది. మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2013లో ఎన్నికైన సర్పంచుల గడువు 2018 ఆగస్టు మొదట్లో ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ఊళ్లను ఏలింది ప్రత్యేకాధికారులు. ఒక్కో అధికారికి ఒకటికి మించిన ఊళ్లు, దాని పైన సొంత శాఖ పని. వాళ్ల శ్రమను తక్కువ చేయడం లేదు. కానీ వీధి దీపం వెలగకపోతే ఎవరి ఇంటి తలుపు తట్టాలో జనానికి తెలియలేదు. ఎన్నికైన పాలకవర్గం లేని ఊరికి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగుతాయి, ఆగాయి కూడా. 2021లో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్లు 2026 ఏప్రిల్‌తో సరి. ఆ తరువాత ఒక్క నెల కూడా ఊరిని నియమితుల చేతిలో వదలడానికి మనం ఒప్పుకోకూడదు. "కొద్ది రోజులేగా" అన్నదే ఆ రెండున్నరేళ్లు మొదలైనప్పుడు కూడా విన్న మాట.

ఎన్నికైనా ముద్ర చెయ్యి జారుతుందని మనకు నేర్పింది 2021. గెలిచి కుర్చీ ఎక్కిన కొద్ది నెలలకే, పంచాయతీ ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద వెళ్లిపోయాయని రాష్ట్రమంతటా సర్పంచులు గగ్గోలు పెట్టారు. తీర్మానం లేదు, సర్పంచ్ సంతకం లేదు. పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. ఆ తరువాతే ఆ నిధులకు ప్రత్యేక ఖాతాలు తెరవాలన్న ఒత్తిడి కేంద్రం నుంచి వచ్చింది. పై నుంచి ముద్ర లాక్కుంటే సర్పంచులు అరిచారు, మంచిదే. అదే ముద్రను ఇంట్లో మగవాళ్లు లాక్కుంటే ఎవరూ అరవడం లేదు.

సర్పంచులైన అక్కచెల్లెళ్లకు ఒక మాట. సగం పదవులు ఆడవాళ్లకని చట్టం చేయించుకోవడానికి ఎంత కాలం పట్టిందో మీకు తెలుసు. మీ డిజిటల్ కీ, మీ పాస్‌వర్డ్, మీ ఫోనుకు వచ్చే ఓటీపీ మీవి. భర్తవి కావు, మరిదివి కావు, ఊరి పెద్దవి కావు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఆడిట్‌లో అభ్యంతరం వస్తే నోటీసు వచ్చేది మీ పేరున. సొమ్ము రాబట్టాల్సి వస్తే మీ నుంచే రాబడతారు. వెనక ఉండి నడిపించినవారి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. లెక్కలు అర్థం కావడం లేదనిపిస్తే కార్యదర్శిని కూర్చోబెట్టి ఓచరు ఓచరూ చెప్పించుకోండి. అది మీ హక్కు, ఆయన విధి.

సహకార సంఘాల దగ్గరా ఇదే జబ్బు. మన రైతుకు పంట రుణం ఇచ్చే ప్రాథమిక సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల కాలం తీరాక నియమించిన కమిటీలు, ఇన్‌చార్జులే వచ్చారు. సభ్యుడి వాటాధనం ఉంది, సభ్యుడి ఓటు మాత్రం లేదు. సాగునీటి సంఘాలకు చాలా కాలం తరువాత 2024 డిసెంబరులో ఎన్నికలు పెట్టారు కదా, మరి వీటికి ఎందుకు పెట్టరు?

చల్లపల్లి జనానికి ఈ పని కొత్త కాదు. 2014 నుంచి తెల్లవారుజామున చీపుర్లు పట్టుకుని వీధులు ఊడ్చిన ఊరు ఇది. ఎవరో చేస్తారని చూడకుండా తామే దిగిన ఊరు. ఆ చేతుల్లో సగం గ్రామసభకు వచ్చినా చాలు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిపారు. ఫొటోలు బాగానే వచ్చాయి. ఆ రోజు రాసుకున్న పనుల్లో మీ ఊరివి ఎన్ని పూర్తయ్యాయో, ఎంత ఖర్చయిందో అడిగారా?

వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. డిజిటల్ కీ ఎవరి పేరున ఉందో, ఎవరి దగ్గర ఉంటుందో నోటీసు బోర్డు మీద రాయాలి. ప్రతి నెలా చెల్లించిన బిల్లుల జాబితా, ఎవరికి ఎంత అన్నది, తెలుగులో అంటించాలి. సర్పంచ్ కుర్చీలో సర్పంచ్ తప్ప ఇంకెవరూ కూర్చుని సమావేశం జరపకూడదు, జరిపితే ఆ సమావేశాన్ని మినిట్స్‌లో రాయకూడదు. పాలకవర్గం గడువు ముగిసే తేదీని, ఎన్నిక ఎప్పుడని రాష్ట్ర ఎన్నికల సంఘానికి రాసిన ఉత్తరం నకలును కూడా అక్కడే అంటించాలి. తీర్మానం పెట్టనివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, తేదీతో రశీదు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు వేయడానికి ఇంకో 30 రోజుల గడువు ఉంటుంది, ఆ గడువు దాటనివ్వకండి.